వాట్సాప్‌లో 35(3) నోటీసు వచ్చింది, వెళ్లాలా వద్దా?

#1 గోదారిగట్టు
మా అపార్టుమెంటులో 63 ఏళ్ల పెద్దాయనకి మొన్న సాయంత్రం వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. తెల్లకాగితం. పైన ‘నోటీసు, సె.35(3) బీఎన్ఎస్ఎస్’ అని ఉంది, కింద ఓ సంతకం, సగం పడిన రౌండు సీలు. మధ్యలో ఒకటే వాక్యం: ‘సదరు విషయమై మీరు వెంటనే స్టేషన్ నందు హాజరు కావలెను, లేనియెడల చట్టరీత్యా చర్య తీసుకొనబడును.’ తర్వాత అదే నంబరు నుంచి ఫోన్ చేసి ‘పొద్దున పదికల్లా వచ్చెయ్’ అని పెట్టేశారట. ఇది డిజిటల్ అరెస్ట్ మోసం అని సగం మంది, వెళ్లకపోతే ఎత్తుకుపోతారని సగం మంది. తెలిసినవాళ్లు చెప్పండి. అసలు వీళ్లకి ట్రైనింగులో నోటీసు రాయడం నేర్పరా?

#2 చలాన్లచక్రవర్తి
‘సదరు’ ఉందంటే అసలు పోలీసులే. మోసగాళ్లకి అంత గ్రాంథికం రాదు.

#3 కాగితంపులి
నవ్వులాట పక్కన పెడితే, 35(3) అంటే అరెస్టు చేయకుండా అనుమానితుణ్ణి హాజరు కమ్మని పోలీసులిచ్చే నోటీసు, బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) లోది. ముందు అసలుదో నకిలీదో తేల్చుకోవాలి. సరైన నోటీసులో క్రైమ్ నంబరు, సంవత్సరం, సెక్షన్లు, దర్యాప్తు అధికారి పేరు, హోదా, రావాల్సిన చోటు, తేదీ, టైము ఉంటాయి. క్రైమ్ నంబరు ఉంటే రాష్ట్ర పోలీసు సైట్‌లో ఎఫ్ఐఆర్ వెతుక్కోవచ్చు. 24 గంటల్లో ఎఫ్ఐఆర్ సైట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో యూత్ బార్ అసోసియేషన్ కేసులో చెప్పింది. నెట్ సరిగా లేని చోట్ల 72 గంటల దాకా వెసులుబాటు. పోక్సో, లైంగిక నేరాలు, ఉగ్రవాదం లాంటివి మాత్రం పెట్టరు. సైట్‌లో కనపడకపోతే స్టేషన్ నంబరు మీరే వెతికి పట్టుకుని ఫోన్ చేయండి. ఫొటో పంపిన నంబరుకే చేసి ‘మీరు నిజమైన పోలీసులేనా’ అని అడిగితే ఎవరు కాదంటారు?

ఇక వాట్సాప్ సంగతి. 2025 జనవరి 21న సతేందర్ కుమార్ అంటిల్ కేసులో సుప్రీంకోర్టు ఖరాఖండిగా చెప్పింది: పాత చట్టంలోని 41ఏ అయినా కొత్తదాంట్లోని 35 అయినా, నోటీసును వాట్సాప్‌లో గానీ వేరే ఎలక్ట్రానిక్ దారిలో గానీ పంపితే అందజేసినట్టు కాదు. ఆ మేరకు స్టాండింగ్ ఆర్డర్లు ఇవ్వాలని రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. దాన్ని మార్చమని హర్యానా వెళ్తే అదే ఏడాది జులైలో కుదరదంది.

#4 బెజవాడబండి
కోర్టు సమన్లే ఫోనుకి పంపొచ్చని కొత్త చట్టంలో ఉంది కదా. పోలీసు నోటీసుకి వచ్చిన తంటా ఏంటి?

#5 కాగితంపులి
@బెజవాడబండి హర్యానా వాదన కూడా అదే. సమన్లు కోర్టు పంపేది, న్యాయప్రక్రియలో భాగం. 35(3) నోటీసు పోలీసు పంపేది. దాన్ని పట్టించుకోకపోతే 35(6) కింద అరెస్టు చేయొచ్చు. మనిషి స్వేచ్ఛ పోయే కాగితం కాబట్టి చేతికి అందిందన్న రుజువు కావాలి, రెండు నీలం టిక్కులు చాలవు. చట్టసభ ఎక్కడెక్కడ ఎలక్ట్రానిక్ దారి పెట్టాలనుకుందో అక్కడ రాసింది, 35లో రాయలేదు, కావాలనే వదిలేసింది అన్నది కోర్టు లెక్క.

#6 పాతరైటర్
కోర్టు చెప్పింది సరే, స్టేషన్ వైపు నుంచి కూడా చూడండి. ఒక సైబర్ కేసులో ముగ్గురు నిందితులు మూడు రాష్ట్రాల్లో ఉంటారు. నోటీసు చేతికివ్వడానికి ఒక కానిస్టేబుల్‌ని పంపితే పాస్‌పోర్టు, రిజర్వేషన్, టీఏ బిల్లు (ఇక్కడ పాస్‌పోర్టంటే డ్యూటీ మీద వెళ్లే ఉత్తర్వు, విదేశాలది కాదు), మనిషి నాలుగు రోజులు లేనట్టే. ఆ నాలుగు రోజులూ బందోబస్తుకి ఎవరు? అందుకే ఫొటో తీసి పంపేయడం అలవాటైంది. తప్పు కాదనడం లేదు, ఎందుకు జరుగుతుందో చెబుతున్నా.

పక్క వీధిలో ఉన్నాయనకి కూడా వాట్సాప్‌లో పంపడం మాత్రం శుద్ధ బద్ధకం.

#7 కాగితంపులి
మనిషి దొరకకపోతే ఏం చేయాలో చట్టంలోనే ఉంది. సమన్లు ఎలా అందజేస్తారో ఆ దారినే పోవాలి. 66 ప్రకారం ఇంట్లో ఉన్న వయసొచ్చిన కుటుంబసభ్యుల చేతికిచ్చి సంతకం తీసుకోవచ్చు. పాత చట్టంలో ‘పురుషుడు’ అని ఉండేది, భార్య చేతికిస్తే చెల్లేది కాదు. కొత్తదాంట్లో ఆ మాట తీసేశారు. పనిమనిషికిస్తే ఇప్పటికీ చెల్లదు. ఎవరూ లేకపోతే 67 కింద తలుపుకి అంటించాలి. ఎప్పుడు, ఎవరి ఎదుట అంటించారో రాసుకోవాలి.

#8 వరంగల్‌మిర్చి
తలుపుకి అంటిస్తే ఇజ్జత్ పోతదని వాట్సాపే మేలంటరు మా దిక్కు. అదొక గోస.

#9 తాళపత్రం
పెద్దాయనకి 63 అన్నారుగా. అరవై దాటినవాళ్లని స్టేషన్‌కి పిలవకూడదు, ఇంటికే రావాలి. 179 చూడండి. వెళ్లనక్కర్లేదు, హాయిగా పడుకోమనండి.

#10 కాగితంపులి
@తాళపత్రం ఆగండాగండి, ఇలా చెప్పే జనాన్ని ఇరికించేది. 179 సాక్షులకి. ఆడవాళ్లు, 15 లోపు 60 పైబడినవాళ్లు, దివ్యాంగులు, తీవ్ర అనారోగ్యం ఉన్నవాళ్లని వాళ్లుండే చోటే విచారించాలి. పాత చట్టంలో 65 ఉండేది, 60కి దించారు. ఈయనకొచ్చింది 35(3), అంటే అనుమానితుడు. అక్కడ వయసు పనికొచ్చేది వేరే చోట: 35(7) ప్రకారం మూడేళ్ల లోపు శిక్షపడే నేరమైతే, 60 దాటినవాళ్లని డీఎస్పీ హోదా అధికారి అనుమతి లేకుండా అరెస్టు చేయకూడదు. అరెస్టుకే ఆ రక్షణ, హాజరుకి కాదు.

#11 తాళపత్రం
ఒప్పుకుంటున్నా. రెండూ కలిపేశాను.

#12 గోదారిగట్టు
ఇప్పుడే ఫొటో పెద్దది చేసి చూశాం. క్రైమ్ నంబరు లేదు. ఆ చోట ‘పిటిషన్ నం.’ అని ఉంది, నంబరు పెన్నుతో రాశారు. విషయం చిట్టీ డబ్బుల గొడవట.

#13 వరంగల్‌మిర్చి
అరె, గిది ముందే చెప్పాలె కద అన్నా! పిటిషన్ అంటే పంచాయితీ అన్నట్టు. రిసెప్షన్ల కాగితం తీస్కుంటరు, రసీదిస్తరు, ఇద్దర్ని కూసోబెట్టి ‘మీరే మాట్లాడుకోండ్రి’ అంటరు. కేసు గాదు, దర్యాప్తు గాదు. దానికి 35(3) తోక ఎట్ల వెట్టిన్రు?

#14 కాగితంపులి
అసలు జబ్బు ఇదే. 35(3) నోటీసు దర్యాప్తులో ఇచ్చేది, దర్యాప్తు ఎఫ్ఐఆర్‌తో మొదలవుతుంది. ఫిర్యాదులో కాగ్నిజబుల్ నేరం (వారెంటు లేకుండా అరెస్టు చేయదగ్గది) కనపడితే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని 2013లో లలితాకుమారి కేసులో ఐదుగురు జడ్జీల బెంచి చెప్పింది. ముందు విచారణ కొన్ని రకాలకే, కుటుంబ గొడవలు, వ్యాపార లావాదేవీలు, వైద్య నిర్లక్ష్యం వగైరా. ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 173(3)లో ఇంకో తలుపు తెరిచారు: మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్షపడే నేరాలకి, డీఎస్పీ అనుమతితో, 14 రోజుల్లో ప్రాథమిక విచారణ. ఆ పేరుతో పిలిచినా ‘రాకపోతే అరెస్టు’ అనే బెదిరింపు అందులో లేదు.

సివిల్ గొడవకి క్రిమినల్ నోటీసు తగిలిస్తే మనిషి భయపడి డబ్బు కట్టేస్తాడు. రాసినవాళ్లకి సెక్షన్ తెలియకా, బాగా తెలిసా అన్నది ఎవరికి వాళ్లు అనుకోండి.

#15 పాతరైటర్
బాగా తెలిసే. అయితే మీరు చెప్పినంత సుళువు కాదు కాగితంపులి గారూ. చిట్టీ డబ్బులు ఎగ్గొట్టినవాడి మీద నమ్మకద్రోహం, మోసం రెండూ రాసి ఎఫ్ఐఆర్ కడితే ‘సివిల్ గొడవని క్రిమినల్ చేశారు’ అని హైకోర్టులో క్వాష్, అంటే కొట్టివేత. కట్టకపోతే ‘లలితాకుమారి’ అని ఎస్పీకి పిటిషన్. మధ్యలో ఎస్ఐ పిలిచి మాట్లాడటమే మేలనుకుంటాడు. పిలవడం కూడా ఫోన్లోనే, జీడీలో ఎంట్రీ ఉండదు. వచ్చినవాడు ఎప్పుడొచ్చాడో ఎప్పుడెళ్లాడో కాగితం మీద ఉండదు. ప్రమాదమంతా అక్కడే, పిలిచినవాళ్లకీ వచ్చినవాళ్లకీ.

#16 చలాన్లచక్రవర్తి
జీడీ అంటే జనరల్ డైరీ అని తెలియనివాళ్లకి. గుడ్ డే బిస్కెట్ కాదు.

#17 అకాడమీగోడ
ట్రైనింగు గురించి అడిగారు కాబట్టి చెబుతా. కానిస్టేబుల్‌కి 9 నెలలు, ఎస్ఐకి ఏడాది. పరేడ్, పీటీ, ఆయుధాలు పోగా లా క్లాసులో సెక్షన్ నేర్పుతారు, పరీక్షలో ‘35(3) గురించి రాయుము’ అని అడుగుతారు, రాసేస్తారు. నోటీసు కాగితం మాత్రం స్టేషన్‌కొచ్చాక రైటర్ (స్టేషన్ కాగితాలు రాసే పోలీసు) పెన్‌డ్రైవ్‌లో ఉన్న పాత ఫైలు చూసి నేర్చుకుంటారు. ఆ ఫైల్లో తప్పుంటే జిల్లా అంతా అదే తప్పు. తరచూ కనపడేవి:

ఒకటి, పైన 35(3) అని మార్చి లోపల పేరాలో 41ఏ సీఆర్‌పీసీ అలాగే వదిలేయడం. రెండు, ‘వెంటనే’ అని రాయడం. తేదీ, టైము లేకపోతే రాలేదని తర్వాత నిరూపించలేరు, 35(6) వాడలేరు, అంటే ఆ నోటీసు పోలీసుకే పనికిరాదు. మూడు, 2024 జులై 1కి ముందు జరిగిన నేరానికి బీఎన్ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన చట్టం) సెక్షన్లు రాయడం. నేరం పాతదైతే సెక్షన్ ఐపీసీదే, తర్వాత కట్టిన కేసు అయితే నడిపే పద్ధతి బీఎన్ఎస్ఎస్‌ది. నాలుగు, అన్నిటికన్నా ఖరీదైనది, అరెస్టుకి ‘కారణాలు’, ‘ఆధారాలు’ ఒకటే అనుకోవడం.

#18 బెజవాడబండి
నాలుగోది కాస్త విడమరచండి మాస్టారూ.

#19 అకాడమీగోడ
‘సాక్షులను బెదిరించగలడు, సాక్ష్యాలు మాయం చేయగలడు, పారిపోగలడు’ అనేవి కారణాలు. ఏ నిందితుడికైనా అతుకుతాయి, ముందే టైపు కొట్టి పెట్టుకోవచ్చు. ఆధారాలంటే ఈ మనిషి, ఫలానా రోజు, ఫలానా చోట ఏం చేశాడని మీ దగ్గర ఏముంది అన్నది. ఈ తేడాని 2024లో ప్రబీర్ పుర్కాయస్థ తీర్పు స్పష్టం చేసింది. 2025 నవంబరులో మిహిర్ రాజేష్ షా తీర్పు ఇంకా ముందుకెళ్లింది: ఏ నేరమైనా సరే, ఆధారాలు రాతలో, నిందితుడికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. అక్కడికక్కడ రాసిచ్చే వీలు లేకపోతే నోటితో చెప్పి, మెజిస్ట్రేటు ముందు పెట్టడానికి కనీసం 2 గంటల ముందు కాగితం చేతికివ్వాలి. లేదంటే అరెస్టూ రిమాండూ రెండూ చెల్లవు.

మన దగ్గర ఎఫ్ఐఆర్ తెలుగులో రాసి రిమాండ్ రిపోర్టు ఇంగ్లీషులో కొట్టే అలవాటు ఎక్కువ. అందులో రెండు పేరాలు కత్తిరించి ఆధారాల కాగితం అని చేతిలో పెడితే, తెలుగు తప్ప రాని మనిషికి అది ఇచ్చినట్టు కాదు. సంతకం ఉన్నా కాదు.

క్లాసులో చేయించాల్సింది ఇదీ: ఒకే ఫిర్యాదు నలభై మందికిచ్చి గంటలో ఎఫ్ఐఆర్, నోటీసు, అరెస్టు మెమో, ఆధారాల కాగితం నాలుగూ చేత్తో రాయించాలి. ఒకడు నిందితుడిలా తలుపు తీయకుండా కూర్చోవాలి, ఇంకొకడు వెళ్లి అందజేయాలి. తర్వాత పక్కవాడి కాగితాన్ని డిఫెన్స్ లాయరులా చీల్చాలి. రెండు వారాలు ఇది చేస్తే చాలు, పెన్‌డ్రైవ్ అక్కర్లేదు.

#20 వరంగల్‌మిర్చి
అకాడమీ అంటే యాదికొచ్చింది. రాష్ట్రం ఇడిపోయి గిన్నేండ్లయినా హిమాయత్‌సాగర్ కాడ కండక్టర్ ‘అప్పా, అప్పా’ అనే అరుస్తడు. ఏపీ పోలీస్ అకాడమీ పోయింది, జంక్షన్ మిగిలింది.

#21 పాతరైటర్
@అకాడమీగోడ క్లాసులో గంట బాగుంటుంది. స్టేషన్లో ఆ నాలుగు కాగితాలూ రాత్రి రెండింటికి, కరెంటు పోయి, మెజిస్ట్రేటు ముందు పెట్టాల్సిన 24 గంటల గడియారం తిరుగుతుంటే రాయాలి. పైగా ఇప్పుడు వీడియో ఒకటి.

#22 అకాడమీగోడ
వీడియో దగ్గర కూడా శిక్షణ లోపమే. 105 ప్రకారం సోదా, స్వాధీనం మొత్తం, జాబితా రాసి పంచులు (సోదా సాక్షులు) సంతకం పెట్టేదాకా రికార్డు కావాలి. పోలీసులు ఈ వీడియో తీసే ఈ-సాక్ష్య యాప్‌లో ఒక్కో క్లిప్పు నాలుగు నిమిషాలే. క్లిప్పు ఆగిన సంగతి చూసుకోరు, బీరువా తెరిచేది రెండో క్లిప్పు మొదలవకముందే అయిపోతుంది. కోర్టులో మొదటి ప్రశ్న ‘ఆ ఖాళీలో ఏం జరిగింది?’ అనే. ఇద్దరుండాలి. ఒకరి పని ఫోను పట్టుకోవడమే. క్లిప్పు మారేటప్పుడు ‘ఆగండి’ అని పైకి అనాలి, అందరి చేతులూ ఆగాలి. చిన్న మాట, ఎవరూ నేర్పరు.

#23 తాళపత్రం
స్టేషన్‌కి వెళ్తే లోపల ఏం జరిగినా సీసీ కెమెరాలు ఉన్నాయి కదా, అంత భయమెందుకు?

#24 వైరుమేకు
నా సబ్జెక్టు వచ్చింది. 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ఎక్కడెక్కడ పెట్టాలో జాబితా ఇచ్చింది: గేటు, రాకపోకల దారులన్నీ, లాకప్పులు, వాటి బయట, కారిడార్లు, రిసెప్షన్, ఇన్‌స్పెక్టర్ గది, ఎస్ఐ గది, బాత్రూముల బయట, స్టేషన్ వెనక. చీకట్లో కనపడాలి, మాట కూడా రికార్డవాలి. 18 నెలలు దాచాలి, ఆ సదుపాయం దొరక్కపోతే దొరికినంత ఎక్కువ, ఏ పరిస్థితిలోనూ ఏడాదికి తగ్గకూడదు.

ఇప్పుడు లెక్క కట్టండి. 2 మెగాపిక్సెల్ కెమెరా 2 ఎంబీపీఎస్‌లో రోజుకి 21.6 జీబీ. 16 కెమెరాలకి రోజుకి 345 జీబీ పైచిలుకు. ఏడాదికి 126 టీబీ. హెచ్.265 (వీడియోని కుదించే పద్ధతి) పెట్టి సగానికి దించినా 63 టీబీ. 4 టీబీ డిస్కులు రెండేసి పెట్టిస్తే 8 టీబీ. అంటే హెచ్.265 లేకపోతే 23 రోజులకే పాతది చెరిగి కొత్తది ఎక్కేస్తుంది, ఎవరూ ‘డిలీట్’ నొక్కక్కర్లేదు. కస్టడీ గొడవ బయటికొచ్చి, ఫిర్యాదు వెళ్లి, ఫుటేజీ అడిగేసరికి నెల దాటిపోతుంది. ‘పనిచేయలేదు’ అనే జవాబులో సగం నిజంగానే ఇలా చెరిగిపోయినవి.

మిగతా సగం: యూపీఎస్ లేకపోవడం, గడియారం నలభై నిమిషాలు తప్పు చూపించడం, ఎన్‌వీఆర్‌ని (రికార్డింగు పెట్టెని) ఎస్‌హెచ్‌వో (స్టేషన్ ఇన్‌చార్జి) గదిలో బీరువా మీద పెట్టి ప్లగ్గు టీ కెటిలుకి వాడటం. మైకు వైరు సంగతి అడక్కండి, బిల్లులో ఉంటుంది.

#25 చలాన్లచక్రవర్తి
కెటిల్ పెట్టినవాడి మీద 105 కింద వీడియో తీయాలి.

#26 కాగితంపులి
@వైరుమేకు చెప్పిన 23 రోజుల లెక్క అందరూ గుర్తుపెట్టుకోండి. స్టేషన్లో ఏదైనా జరిగితే ఫిర్యాదు తర్వాత రాసుకోవచ్చు, ‘ఫలానా తేదీ, ఇన్నింటి నుంచి ఇన్నింటి వరకు ఫుటేజీ భద్రపరచండి’ అని మర్నాడే ఎస్పీకి రాయండి. అదే తీర్పు ప్రకారం స్టేషన్ గుమ్మంలో కెమెరాలున్నాయని, హక్కుల కమిషన్‌కి ఫిర్యాదు చేయొచ్చని తెలుగులో కూడా బోర్డు ఉండాలి. కెమెరాల బాధ్యత ఎస్‌హెచ్‌వోది.

#27 గోదారిగట్టు
సరే, రేపు పొద్దున పదికి పెద్దాయన ఏం చేయాలి? అది చెప్పండి బాబూ.

#28 పాతరైటర్
నన్నడిగితే లాయరుని వెంటబెట్టుకుని వెళ్లి కనపడి రావడమే మంచిది. చిన్న గొడవని పెద్దది చేసుకోవద్దు.

#29 కాగితంపులి
నేను ఒప్పుకోను. రేపు వెళ్తే ఆ కాగితాన్ని నోటీసుగా ఒప్పుకున్నట్టే. ఊరుకోనూ కూడదు. ఎస్‌హెచ్‌వో పేర ఉత్తరం రాయాలి, ఒక పేజీ చాలు: ఫలానా తేదీ, టైముకి ఫలానా నంబరు నుంచి వాట్సాప్ ఫొటో వచ్చింది, అందులో క్రైమ్ నంబరు, సెక్షన్లు, తేదీ లేవు. కేసు నమోదై ఉంటే ఎఫ్ఐఆర్ కాపీ ఇప్పించండి. పద్ధతి ప్రకారం నోటీసు ఇంటికి పంపితే తీసుకుంటాను, పూర్తిగా సహకరిస్తాను. చిరునామా ఇది, ఇంట్లో ఉండే వేళలు ఇవి.

ఆ ‘సహకరిస్తాను’ మాట మర్చిపోవద్దు, రేపు ‘తప్పించుకు తిరుగుతున్నాడు’ అని రాయకుండా అడ్డుపడేది అదే.

నిజమైన నోటీసు వచ్చాక ఆ రోజు కుదరకపోతే గడువు అడగొచ్చు. ఢిల్లీ హైకోర్టు 2018లో అమన్‌దీప్ సింగ్ జోహర్ కేసులో ఈ నోటీసుల నమూనా ఇచ్చింది. సరైన కారణముంటే 4 పనిదినాల దాకా గడువు, హాజరైనట్టు పోలీసులు రసీదు ఇవ్వాలి, నోటీసు పుస్తకం క్రమసంఖ్యలతో డూప్లికేటుతో ఉండాలి. సుప్రీంకోర్టు రాష్ట్రాలకి ఈ ఢిల్లీ పద్ధతినే చూపించింది. వెళ్లినప్పుడు మీరు చెప్పింది పోలీసు రాసుకుంటే ఆ వాంగ్మూలం కింద సంతకం పెట్టక్కర్లేదు, 181 చూడండి. ఖాళీ కాగితం మీద అసలే వద్దు.

#30 పాతరైటర్
ఉత్తరం చేతికిస్తే రిసెప్షన్లో తీసుకోరు, ‘సార్ వచ్చాక రండి’ అంటారు. తీసుకుంటే మాత్రం కాపీ మీద తేదీ, సంతకం, వీలైతే జీడీ నంబరు వేయించుకోండి. పోస్టు వేస్తే ఎస్పీ ఆఫీసుకి ఒక కాపీ తప్పకుండా పెట్టండి, అక్కడ ఇన్‌వార్డు నంబరు పడుతుంది. స్టేషన్ నుంచి జవాబు కదిలేది ఆ నంబరు చూసే.

#31 గోదారిగట్టు
రాయిస్తున్నాం. రిజిస్టర్డ్ పోస్టా, స్పీడ్ పోస్టా?

#32 చలాన్లచక్రవర్తి
వాట్సాప్‌లో పంపండి, లెక్క సరిపోతుంది.

#33 కాగితంపులి
రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారు. కౌంటర్లో డెలివరీ రుజువు కావాలని విడిగా అడిగి డబ్బు కట్టాలి, అడక్కపోతే మామూలుగా పంపేస్తారు. కవరు మీద ఎస్‌హెచ్‌వో పేరు వద్దు, హోదా రాయండి. బదిలీ అయితే వెనక్కొచ్చేస్తుంది.